వన్-ఎలెవెన్ విమానము: పరీక్షా చోదకులు నేర్చిన పాఠము

క్రొత్తగా ఎద్దును కొనదలచిన రైతు సంతలో దాని రంగును, కొమ్ములను చూచి తృప్తిపడడు. పండ్లు చూచును, నడక చూచును, బండికి కట్టి, బరువు వేసి, ఏటిగట్టు ఎక్కించి దింపి చూచును. చదునైన బాటలో ఎద్దులన్నియు మంచివే. బరువు మీదికి వచ్చినప్పుడు, కాలు జారినప్పుడు అది ఏమి చేయునో తెలిసికొన్న పిమ్మటనే బేరము కుదుర్చుకొనును.

ప్రయాణికుల విమానమునకు గూడ ఇట్టి పరీక్ష కలదు. దానిని జరుపువారు పరీక్షా చోదకులు. విమానము హాయిగా ఎగురు వేగములను చూచి వారు ఊరకుండరాదు. ఏ వేగమున అది ఎగురుట మానునో, అప్పుడు దాని నడత ఎట్లుండునో, తిరిగి దానిని అదుపులోనికి తెచ్చుటకు వీలగునో కాదో వారు గాలిలోనే కనిపెట్టవలెను. 1963లో బ్రిటనులో తయారైన వన్-ఎలెవెన్ అను చిన్న జెట్ విమానము విషయమున ఈ పరీక్ష ఏడుగురి ప్రాణములను బలిగొన్నది. దాని మూలమున లభించిన జ్ఞానము నేటికిని ప్రయాణికులను కాపాడుచున్నది.

తోకవైపు ఇంజనులు

1950-60 మధ్యకాలమున తొలి జెట్ ప్రయాణ విమానములు బయలుదేరినవి. వాటిలో బోయింగ్ 707 వంటివి సముద్రములను దాటు పెద్ద విమానములు. సమీప నగరముల మధ్య మాత్రము చాలవరకు ప్రొపెల్లరు విమానములే తిరుగుచుండెను. ఈ కొరతను తీర్చుటకై బ్రిటిష్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ 1961లో వన్-ఎలెవెన్ నిర్మాణమునకు పూనుకొన్నది.

ఇది సన్నని దేహము గల విమానము. లోపల ఒకే నడవ. దానికి ఒకవైపు రెండు, మరియొకవైపు మూడు చొప్పున ఆసనముల వరుసలు. అందు సుమారు 80 మంది కూర్చుండవచ్చును. పొడవు 28.5 మీటర్లు, ఒక రెక్క కొననుండి రెండవ రెక్క కొనకు 27 మీటర్లు. రోల్స్-రాయిస్ వారి స్పే ఇంజనులు రెండింటిని రెక్కల క్రింద వ్రేలాడదీయక, తోక దగ్గర చెరియొక ప్రక్కన బిగించిరి.

ఈ అమరికవలన లాభములు చాల కలవు. రెక్కపై గాలి అడ్డంకి లేక ప్రవహించును. ఇంజనులు పైన ఉండుటచే విమాన దేహమును నేలకు దగ్గరగా ఉంచవచ్చును. అందుచే ప్రయాణికులు ఎక్కిదిగు మెట్లను విమానము తనతోనే మోసికొనిపోగలదు. చిన్న విమానాశ్రయములలో వేరుగా నిచ్చెన బండ్లు అక్కరలేదు. అయితే తోక దగ్గర చోటును ఇంజనులు ఆక్రమించినందున, అక్కడ ఉండవలసిన అడ్డురెక్కను నిలువు తోక చివరకు ఎక్కింపవలసి వచ్చినది. వెనుకనుండి చూచినచో తోక ఆంగ్లాక్షరమైన ‘టి’ వలె కనబడును. చిక్కంతయు ఇందులోనే దాగియున్నది.

మొదటి వన్-ఎలెవెన్ 1963 ఆగస్టు 20వ తేదీన బోర్న్‌మత్ సమీపమున గల హర్న్ విమానాశ్రయమునుండి ఎగిరినది. దానిని నడిపినవారు జాక్ బ్రైస్, మైక్ లిత్‌గో. లిత్‌గో సామాన్యుడు కాడు. రెండవ ప్రపంచ యుద్ధమున నౌకాదళ చోదకుడుగా పనిచేసినవాడు. 1953లో లిబియా దేశమున స్విఫ్ట్ అను యుద్ధవిమానమును గంటకు 1,184 కిలోమీటర్ల వేగమున నడిపి ఆనాటి ప్రపంచ రికార్డును స్థాపించినవాడు. అట్టి నేర్పరికి ఈసారి అప్పగించిన పని, విమానమును ఎంత నెమ్మదిగా నడుపవచ్చునో చూచుట.

స్టాల్ అనగానేమి?

రెక్క గాలిని చీల్చుకొని పోవునప్పుడు దాని మీదుగా పారు గాలి క్రిందికి వంగును. గాలిని క్రిందికి వంచుటకు ప్రతిగా రెక్కకు పైకి బలము కలుగును. రెక్కకును ఎదురుగా వచ్చు గాలికిని మధ్య నుండు కోణమును తాకుడు కోణ మనవచ్చును. ఈ కోణము పెరిగినకొలది పైకెత్తు బలము పెరుగును. విమానము నెమ్మదించినప్పుడు చోదకుడు ముక్కును కొంచెము పైకెత్తి, కోణమును పెంచి, తగ్గిన బలమును పూరించుకొనును.

కాని దీనికొక హద్దు కలదు. సాధారణముగా కోణము 15 డిగ్రీల ప్రాంతమునకు చేరునప్పటికి గాలి రెక్క పైభాగము వంపును అంటిపెట్టుకొని ప్రవహింపలేదు. అది విడివడి సుడులు తిరుగును. పైకెత్తు బలము తగ్గిపోవును. వెనుకకు లాగు నిరోధము విపరీతముగా పెరుగును. ఈ స్థితినే స్టాల్ అందురు. దీనికిని ఇంజను ఆగిపోవుటకును సంబంధము లేదు. ఇంజనులు చక్కగా పనిచేయుచుండగనే విమానము స్టాల్ కావచ్చును.

ఇంత అపాయకరమైన స్థితిని కోరి ఎందులకు తెచ్చుకొనవలెను? దిగునప్పటి వేగమంతయు దీనిపై ఆధారపడియున్నది. స్టాల్ వేగమునకు 1.3 రెట్ల వేగముతో విమానము నేలను సమీపింపవలెనని ఆనాటి నియమము. ఒక విమానము 100 నాట్ల వద్ద స్టాల్ అగుననుకొందము. నాట్ అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. అది 130 నాట్లతో దిగవలెను. స్టాల్ వేగము నిజముగా 110 నాట్లయినచో 143 నాట్లతో దిగవలెను. గతిశక్తి వేగము యొక్క వర్గముననుసరించి పెరుగును గనుక, బ్రేకులు అణచవలసిన శక్తి 21 శాతము హెచ్చగును. రన్‌వే ఎంత పొడవుండవలెను, ఎంత బరువుతో దిగవచ్చును అను లెక్కలన్నియు ఈ ఒక్క సంఖ్యనుండియే పుట్టును. గాలి సొరంగములో చిన్న నమూనాను పరీక్షించినను, తుది లెక్కను నిజమైన విమానముపైననే తేల్చుకొనవలెను.

అందుచే పరీక్షా చోదకుడు చాల ఎత్తునకు పోయి, వేగమును సెకనుకు ఒక్కొక్క నాట్ చొప్పున మెల్లగా తగ్గించుచు పోవును. ఏ వేగమున విమానము వణకనారంభించినది, ముక్కు తనంతట వాలినదా, ఒక రెక్క ప్రక్కకు ఒరిగినదా, నియంత్రణ దండమును ఎంత బలముతో త్రోయవలసి వచ్చినది అను సంగతులన్నియు గుర్తించును. రెక్క వెనుకనుండు ఫ్లాపులను కొంచెము దింపి ఒకసారి, పూర్తిగా దింపి మరియొకసారి పరీక్షించును. గరిమనాభిని ముందునకు, వెనుకకు మార్చి మరల పరీక్షించును. కావడి మోయువాడు వెనుక కుండలో నీరెక్కువైనచో తూలినట్లు, గరిమనాభి వెనుకకు జరిగినకొలది విమానముయొక్క నిలకడ తగ్గును. ప్రయాణికులును, సామానులును అన్ని వేళల సమముగా సర్దుకొని ఉండరు గనుక ఈ పరీక్ష తప్పనిసరి.

రెండు గుంటలు, ఒక గోళీ

తోక అడ్డురెక్క క్రిందుగా నుండు విమానములలో స్టాల్ అంత భయంకరము కాదు. రెక్కలపై విడివడిన సుడిగాలి తోకకు పైగా పోవును. తోక మంచి గాలిలోనే ఉండును. ముక్కు సాధారణముగా తనంతట క్రిందికి వాలును, వేగము పెరుగును, గాలి మరల రెక్కను అంటుకొనును. కొంత ఎత్తు మాత్రము నష్టమగును.

‘టి’ ఆకారపు తోకకు ఈ భాగ్యము లేదు. ముక్కు బాగుగా పైకి లేచినప్పుడు తోక క్రిందికి దిగి, రెక్కలు, ఇంజనులు వెనుకకు వదలు నీరసపు సుడిగాలిలో మునుగును. తోక చివరనుండు ఎలివేటరు అను కదలు ఫలకమే ముక్కును పైకెత్తుటకు, దింపుటకు సాధనము. నీరు పారుచున్నప్పుడే చుక్కాని పడవను త్రిప్పగలదు. నిలిచిన నీటిలో ఎంత త్రిప్పినను పడవ తిరుగదు. అట్లే చచ్చిన గాలిలో మునిగిన ఎలివేటరు ముక్కును దింపజాలదు.

నేలపై రెండు గుంటలు త్రవ్వి, వాటి నడుమ చిన్న గట్టు విడిచి, ఒక గుంటలో గోళీని ఉంచినచో దీని మర్మము బోధపడును. గోళీని కొంచెము కదలించినచో అది మరల మొదటి గుంటలోనికే జారును. ఇది విమానము సహజముగా ఎగురు స్థితి. గట్టు దాటునంత బలముగా కదలించినచో రెండవ గుంటలో పడి అక్కడనే స్థిరపడును. ‘టి’ తోక విమానమునకు ఆ రెండవ గుంట వంటి స్థితి ఒకటి కలదు. అందు పడినప్పుడు విమానము తలక్రిందులు కాదు. ముక్కు పైకి ఉండియో, సమముగా ఉండియో, పళ్లెము వలె క్రిందికి దిగిపోవును. దీనిని డీప్ స్టాల్ అందురు. గోళీని వెనుకకు త్రోయవలసిన వ్రేలే ఎలివేటరు. దానికే అప్పుడు బలముండదు.

ఈ అపాయము అప్పటికి బొత్తిగా తెలియనిది కాదు. 1953లో గ్లాస్టర్ జావెలిన్ అను ‘టి’ తోక యుద్ధవిమానము పరీక్షలో ఇట్లే కూలి, దాని చోదకుడు మరణించెను. కాని క్రొత్త ప్రయాణ విమానమున ఆ గట్టు ఎక్కడ ఉన్నదో ముందుగా ఎవరికిని తెలియలేదు.

1963 అక్టోబరు 22

ఆ దినమున మొదటి వన్-ఎలెవెన్ లిత్‌గోతో కలిపి ఏడుగురిని ఎక్కించుకొని స్టాల్ పరీక్షలకై ఎగిరినది. గరిమనాభిని వెనుకకు జరిపి యుంచిరి. 15,000 అడుగులకు పైబడిన ఎత్తున, ఫ్లాపులను కొంచెము దింపి, చోదకుడు వేగమును తగ్గించెను. విమానము స్టాల్ అయినది. తాకుడు కోణము హద్దును దాటి త్వరత్వరగా పెరిగినది. చోదకుడు నియంత్రణ దండమును ముందునకు బలముగా త్రోసెను. ముక్కు దిగలేదు.

దీనికి ఎలివేటరు నిర్మాణము గూడ ఒక కారణము. ఆ విమానమున చోదకుని చేయి నేరుగా ఎలివేటరును కదల్చదు. ఎలివేటరు అంచుననుండు చిన్న పట్టీని మాత్రమే కదల్చును. ఆ పట్టీపై గాలి ఒత్తిడి ఎలివేటరును త్రిప్పును. ఎదురుగాలి చక్కగా వచ్చునంతవరకు ఇది తేలికైన, తెలివైన ఉపాయము. కాని అప్పుడు గాలి క్రిందినుండి వచ్చుచున్నది. చోదకుడు దండమును ఎంత త్రోసినను ఎలివేటరు గాలికి తేలి పైకే లేచి అక్కడనే నిలిచిపోయినది. ముక్కును దింపవలసిన సాధనము దానిని పైకి ఎత్తి పట్టుకొన్నది.

విమానము ముందునకు పోవు వేగము దాదాపు లేకయే, సమముగా క్రిందికి దిగి, విల్ట్‌షైర్ ప్రాంతమున చిక్లేడ్ గ్రామ సమీపమున నేలను తాకినది. ఏడుగురును మరణించిరి. ఇంజనులు చెడలేదు, రెక్క విరుగలేదు, చోదకునకు నేర్పు తక్కువ కాలేదు.

అయినను ఆ ప్రయోగము వ్యర్థము కాలేదు. విమానములోని పరికరములు వేగమును, ఎత్తును, ఎలివేటరు కదలికలను వ్రాసి పెట్టుకొన్నవి. వాటిని చూచి ఇంజనీర్లు కారణమును త్వరలోనే గ్రహించిరి. నిర్మాతలు ఈ సంగతులను దాచుకొనక, తమతో పోటీపడు ఇతర నిర్మాతలకు గూడ తెలియజేసిరి. అమెరికాలో ఇటువంటి తోకతోనే డిసి-9 విమానమును నిర్మించుచుండిన డగ్లస్ సంస్థ తోక అడ్డురెక్కను పెద్దది చేసి, రెక్కల క్రింద గాలిని చక్కబరచు చిన్న ఫలకములను చేర్చినది. డిసి-9 1965 ఫిబ్రవరి 25న మొదటిసారి ఎగిరినది.

వన్-ఎలెవెన్‌లో మూడు మార్పులు జరిగినవి. ఎలివేటరును గాలి దయకు విడువక, నూనె ఒత్తిడితో పనిచేయు యంత్రములతో కదల్చునట్లు చేసిరి. స్టాల్ సమయమున ముక్కు తనంతట వాలునట్లుగా రెక్క ముందంచు ఆకారమును సవరించిరి. మూడవది అన్నిటికంటె ముఖ్యము. తాకుడు కోణమును కొలుచు సాధనములకు రెండు పనులు అప్పగించిరి. కోణము హద్దును సమీపించినప్పుడు నియంత్రణ దండము గడగడ వణకి చోదకుని హెచ్చరించును. అయినను కోణము పెరిగినచో ఒక యంత్రము దండమును తానే ముందునకు త్రోయును. గోళీ గట్టు చేరకముందే దానిని వెనుకకు పంపు ఉపాయ మిది.

భయము చేసిన పొరపాటు

పరీక్షలు మరల సాగినవి. ఈసారి పరీక్షా విమానమునకు తోకలో ఒక పారాచూటును గూడ అమర్చిరి. విమానము డీప్ స్టాల్‌లో పడినచో పారాచూటు తోకను పైకి లాగి ముక్కును దింపును.

1964 ఆగస్టు 20న, అనగా మొదటి విమానము ఎగిరిన సరిగా సంవత్సరమునకు, మరియొక వన్-ఎలెవెన్ స్టాల్ పరీక్షలో ఉన్నది. తాను డీప్ స్టాల్‌లో చిక్కుకొన్నానని తలచి చోదకుడు పారాచూటును విప్పెను. పారాచూటు వెనుకకు లాగుచుండగా విమానము సాలిస్బరీ మైదానముపై పొట్టతో దిగినది. ప్రాణనష్టము కలుగలేదు. విచారింపగా విమానము అసలు డీప్ స్టాల్‌లో లేదని తేలినది! అది పారాచూటు అక్కరలేకయే కోలుకొనియుండెడిది. ఆ విమానమును బాగుచేసి పిమ్మట చాలకాలము వాడిరి.

ఈ సంఘటనను చూచి నవ్వుట సులభము. పది నెలల క్రిందట తన తోటివారు ఏడుగురు అదే పరీక్షలో మరణించిన సంగతి ఆ చోదకునకు తెలియును. శరీరమునకు తెలియు తూగు, ఊపు ఆధారముగా విమానము ఏ స్థితిలో ఉన్నదో తేల్చుకొనుట అనుభవజ్ఞునకు గూడ కష్టమని దీనివలన రుజువైనది. చోదకుని అనుభూతికంటె కొలత నమ్మదగినది.

1965 ఏప్రిలులో వన్-ఎలెవెన్ ప్రయాణికులను మోయనారంభించినది. మొత్తము 244 విమానములు తయారైనవి. అందు తొమ్మిది రొమేనియా దేశమున తయారైనవి.

త్రోయు చేతిని కాదన్నప్పుడు

హెచ్చరిక నిచ్చు పరికరమును కనిపెట్టుట ఒక పని; దానిని నమ్ముట మరియొక పని. 1972 జూన్ 18న లండన్ హీత్రో విమానాశ్రయమునుండి బ్రస్సెల్స్‌కు బయలుదేరిన ట్రైడెంట్ విమానము స్టెయిన్స్ వద్ద కూలి 118 మంది మరణించిరి. ట్రైడెంట్ గూడ ‘టి’ తోక విమానమే. దండమును త్రోయు యంత్రము దానికిని కలదు. 225 నాట్ల వేగము వచ్చిన పిమ్మట ముడువవలసిన రెక్క ముందంచు ఫలకములను సుమారు 162 నాట్ల వద్దనే ముడిచిరి. దండము వణకినది, యంత్రము మూడుసార్లు దానిని ముందునకు త్రోసినది. తరువాత యంత్రమును చోదకులే ఆపివేసిరి. విమానము డీప్ స్టాల్‌లో పడినది. అంతకుముందు ఈ యంత్రము అకారణముగా పనిచేసిన సందర్భములుండుటచే చోదకులలో దానిపై నమ్మకము సడలియున్నది. నాన్న! పులి అని ఊరక కేకవేసిన పిల్లవాని కథ వంటిదే యిది. తప్పుగా హెచ్చరించు పరికరము నిజమైన అపాయమునాడు నిరుపయోగమగును.

2004 అక్టోబరు 14న అమెరికాలో 50 ఆసనముల చిన్న జెట్ విమానమును ఇద్దరు చోదకులు ప్రయాణికులు లేకుండ నడుపుచు, అది చేరగల గరిష్ఠ ఎత్తగు 41,000 అడుగులకు తీసికొనిపోయిరి. పలుచని గాలిలో వేగము తగ్గినది. యంత్రము దండమును పలుమార్లు ముందునకు త్రోయగా, వారు మరల వెనుకకు లాగిరి. విమానము స్టాల్ అయి, ఇంజనులు రెండును ఆగిపోయినవి. మరల అవి నడువలేదు. ఇద్దరును మరణించిరి. లిత్‌గో నేర్చిన పాఠము పుస్తకములలో ఉన్నది. ఆ క్షణమున చేతులలో లేదు.

అందుచేతనే చోదకులకు స్టాల్‌ను వినుటచేతగాక అభ్యాసముచే నేర్పవలెనను అభిప్రాయము బలపడినది. 2019 మార్చి నుండి అమెరికా విమాన సంస్థల చోదకులు నేలపైనుండు అనుకరణ యంత్రములలో పూర్తి స్టాల్‌ను చవిచూచి, దానినుండి బయటపడుట నేర్చుకొనవలెనను నియమము అమలులోనికి వచ్చినది.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ సంగతిని ఉపాధ్యాయుడు తరగతిలో చూపవచ్చును. కదలుచున్న బస్సునుండి చేయి బయట పెట్టుట అపాయము. ఒక టేబుల్ ఫ్యాను చాలును. అడుగు పొడవు గల స్కేలుయొక్క ముందుభాగమున, అడ్డముగా ఒక పోస్టుకార్డును కొద్దిగా వంచి అంటింపవలెను. కార్డు పైభాగమున రెండు మూడు నూలుపోగులను ఒక కొన మాత్రమే అంటించి వదలవలెను. స్కేలు వెనుక కొనపై నాలుగంగుళముల పుల్లను నిలువుగా కట్టి, పుల్ల చివర ఒక పోగును, స్కేలుకు క్రిందుగా ఒక పోగును వ్రేలాడదీయవలెను.

ఫ్యాను గాలికి ఎదురుగా స్కేలును సమముగా పట్టినప్పుడు పోగులన్నియు చక్కగా వెనుకకు సాగియుండును. ముందుభాగమును మెల్లగా పైకెత్తినచో మొదట కార్డుపై పోగులు గంతులువేసి వెనుదిరుగును. అదియే స్టాల్. ఇంకను ఎత్తినచో పుల్ల చివరి పోగు కార్డు చాటునకు దిగి, గాలి తప్పి వ్రేలాడును. క్రింది పోగు మాత్రము గాలిలో సాగుచునే యుండును. పుల్ల పొడవును మార్చి, ఏ ఎత్తున ఉన్న పోగు ఏ కోణమున చాటున పడునో విద్యార్థులు కోణమానినితో కొలిచి పట్టిక వ్రాయవచ్చును.

ఆ పట్టికలో విద్యార్థులు వ్రాయు కోణమునే 1963లో వన్-ఎలెవెన్ చోదకులు గాలిలో వెదకిరి. వారికి స్కేలును దించి మరల మొదలుపెట్టు అవకాశము దొరకలేదు.